సంక్రాంతికి ఇంటికొస్తున్నారా? ఇంగ్లండ్‌లో మీ ఫుట్‌బాల్ సీజన్ టికెట్ సంగతి ముందు చూసుకోండి

డిసెంబరు వచ్చిందంటే మా అమలాపురం వైపు ఏ ఇంట్లో చూసినా "అబ్బాయి ఎప్పుడు దిగుతున్నాడు" అన్న మాటే. ఇంగ్లండ్‌లో చదువుకునేవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు భోగికి రెండు మూడు వారాల ముందే బయల్దేరుతారు. అక్కడ సరిగ్గా అప్పుడే ఫుట్‌బాల్ జోరు మీద ఉంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మ్యాచ్ మీద మ్యాచ్, జనవరి మొదట్లో ఎఫ్ఏ కప్ (లీగ్ కాకుండా విడిగా జరిగే, ఓడితే ఇంటికే అన్న పోటీ) మూడో రౌండ్. వందల పౌండ్లు పోసి సీజన్ టికెట్ (క్లబ్బు సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే సీటు) కొనుక్కున్నవాడు ఇక్కడ అరిసెలు తింటుంటే అక్కడ సీటు ఖాళీగా ఉంటుంది. దాన్ని స్నేహితుడికి ఇవ్వొచ్చా, అమ్ముకోవచ్చా, ఊరికే వదిలేస్తే ఏమవుతుంది అని ఈ మధ్య నలుగురు అడిగారు. ఏడేళ్ళు అక్కడ ఉండి, అందులో ఐదు సీజన్లు టికెట్ నిలబెట్టుకుని వచ్చినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే అర్థమవుతుంది. సీజన్ టికెట్ అంటే సీటు మనం కొనుక్కున్నట్టు కాదు. ఈ మాట నాకు మా బాబాయి చెప్పాడు. ఆయనది రాజోలు పక్క, కొబ్బరి తోటలు, వరి పొలాలు. ఒక సెప్టెంబరులో నన్ను చూడ్డానికి వచ్చాడు. నా పక్క సీటు మా రూమ్మేట్‌ది, వాడికి ఆ రోజు డ్యూటీ, సరే బాబాయిని తీసుకెళ్దామని టికెట్ యాప్‌లో ఆయన పేరుకు పంపించాం. గేటు దగ్గర ఫోను పెట్టగానే నాకు పచ్చ లైటు వెలిగింది, బాబాయికి ఎర్ర లైటు. ఇంకోసారి పెట్టాడు, మళ్ళీ ఎరుపే. వెనక లైను పెరిగిపోతోంది. "ఏరా అబ్బాయ్, మన పేరు లేదంటాడా?" అని బాబాయి కంగారు. విషయం ఏమిటంటే మా రూమ్మేట్‌ది కుర్రాళ్ళకిచ్చే తగ్గింపు టికెట్, దాని మీద పెద్దవాళ్ళు వెళ్ళాలంటే తేడా డబ్బు ముందే కట్టాలి, మేం ఆ సంగతే చూసుకోలేదు. స్టేడియం కౌంటరు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి, తేడా కట్టి లోపలికి వెళ్ళేసరికి మొదటి గోలు అయిపోయింది. ఆ లైన్లో నిలబడే నేను బాబాయికి రూల్సన్నీ చెప్పాను. పేరు మనదే, ఏటా డబ్బు కట్టాలి, వేరేవాళ్ళకివ్వాలంటే క్లబ్బు ఒప్పుకోవాలి, వాళ్ళు వద్దంటే వచ్చే ఏడాది లేదు అని. ఆయన అంతా విని "అంటే కౌలే కదరా, రిజిస్ట్రేషన్ కాదు" అన్నాడు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కౌలుకి తీసుకున్న చేను ఆసామికి చెప్పకుండా ఇంకొకడి చేతిలో పెడితే ఏమవుతుందో మన డెల్టాలో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు.

ఇక సీటు ఇంకొకరికి ఇవ్వడం గురించి. అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, ఒక్కో క్లబ్బు సొంత మైదానంలో ఆడేవి 19 లీగ్ మ్యాచ్‌లు. దాని కింది లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అయితే 24 క్లబ్బులు, 23 మ్యాచ్‌లు. అన్నిటికీ మీరే వెళ్ళాలని ఎవరూ అనరు, కానీ ఇచ్చేటప్పుడు క్లబ్బు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉన్న ట్రాన్స్‌ఫర్ దారిలోనే ఇవ్వాలి. చాలా క్లబ్బుల్లో తీసుకునేవాళ్ళకి కూడా వాళ్ళ పేరు మీద ఖాతా ఉండాలి, కొన్నిచోట్ల మెంబర్‌షిప్పే ఉండాలి, మీ "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" జాబితాలో ముందే చేర్చి ఉండాలి. ఒక సీజన్లో ఇన్నిసార్లే పంపాలని లెక్క పెట్టిన క్లబ్బులూ ఉన్నాయి. అందుకని విమానం ఎక్కే రోజు కాకుండా ఓ పది రోజుల ముందే ఆ జాబితా పని పూర్తి చేసుకోండి.

మనవాళ్ళు ఎక్కువగా చేసే పని, యాప్ పాస్‌వర్డ్ ఇచ్చేయడం, లేదా పాత ఫోను చేతిలో పెట్టి "ఇది చూపించి వెళ్ళిపోరా" అనడం. దయచేసి ఆ పని చేయకండి. లోపల స్టీవర్డు (జనాన్ని చూసుకునే స్టేడియం మనిషి) వచ్చి పేరు అడిగితే, ఖాతాలో ఉన్న పేరు ఒకటి, మనిషి చెప్పేది ఒకటి అయితే, టికెట్ సస్పెండ్ చేసే హక్కు క్లబ్బుకి ఉంటుంది. పోయేది వాడి మ్యాచ్ కాదు, మీ టికెట్. స్క్రీన్‌షాట్ పంపినా లాభం లేదు. ఇప్పుడు చాలాచోట్ల పాస్ ఫోను వాలెట్‌లో ఉండి గేటు దగ్గర ఆనిస్తేనే పనిచేస్తుంది, మీరు పంపిన క్షణం నుంచి ఆ మ్యాచ్‌కి మీ పాస్ చెల్లదు. తీసుకున్నవాణ్ణి ఇంట్లోనే పాస్ దించుకోమనండి, స్టేడియం చుట్టూ వేలమంది చేరాక నెట్ అందదు.

ఇంకోటి, మీ సీట్లో కూర్చున్నవాడు ఏం చేసినా బాధ్యత మీదే. అవతలి జట్టు చొక్కా వేసుకుని మనవైపు కూర్చుంటే బయటికి పంపేస్తారు. చుట్టపుచూపుగా వచ్చిన కుర్రాడికి నచ్చిన క్లబ్బు అవతలిదే అయితే అతణ్ణి ఆ మ్యాచ్‌కి పంపకపోవడమే మంచిది, వాడు ఎంత బతిమాలినా సరే.

అమ్మకం గురించి మాత్రం నిదానంగా చదవండి. మనకి సినిమా హాలు దగ్గర బ్లాకులో టికెట్లు అమ్మడం చిన్నప్పటినుంచీ చూసిన విషయమే, అక్కడ కూడా అంతేలే అనుకుంటాం. కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం, 166వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్ అమ్మడం నేరం. ఎక్కువ ధరకి అమ్మితేనే నేరం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అసలు ధరకి అమ్మినా నేరమే, తక్కువకి అమ్మినా నేరమే. అమ్మకానికి ఉందని ప్రకటన పెట్టినా అమ్మకం కిందే లెక్క. అంటే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "శనివారం మ్యాచ్ టికెట్ ఉంది, 60 పౌండ్లు, కావాలంటే పింగ్ చేయండి" అని పెట్టే మెసేజ్ కూడా ఆ చట్టం కిందికి వస్తుంది. శిక్ష జరిమానాయే, కానీ వీసా దరఖాస్తులో కోర్టు శిక్షల గురించి అడుగుతారు, అక్కడ ఆ ముక్క రాయాల్సి రావడం ఎంత టెన్షనో వీసా మీద ఉన్నవాడికి నేను చెప్పనక్కర్లేదు.

ఫుట్‌బాల్‌కే ఇంత పట్టింపు ఎందుకంటే దాని వెనక పెద్ద విషాదం ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో, నిలబడి చూసే చోట జనం ఇరుక్కుపోయి ఊపిరాడక 97 మంది చనిపోయారు. తప్పు జనానిది కాదని 2016లో విచారణ జ్యూరీ తేల్చింది. ఆ ఘోరం మీద జస్టిస్ టేలర్ 1990లో ఇచ్చిన నివేదిక తర్వాతే పెద్ద స్టేడియాల్లో అందరికీ నంబరు సీట్లు వచ్చాయి. టికెట్లు ఎవరిపడితే వారి చేతుల్లోకి పోతే రెండు జట్ల అభిమానుల్ని విడివిడిగా కూర్చోబెట్టడం కుదరదు, ఎవరు ఎక్కడున్నారో తెలియదు. అందుకే ఈ చట్టం.

మరి డబ్బు పోగొట్టుకోవాలా అంటే, అక్కర్లేదు. క్లబ్బు సొంత టికెట్ ఎక్స్ఛేంజ్ ఉంటుంది, మీ సీటు ఆ మ్యాచ్‌కి అందులో పెట్టండి. అమ్ముడైతే మీ సీజన్ టికెట్ ధరలో ఒక మ్యాచ్ వాటా వెనక్కొస్తుంది. 19 మ్యాచ్‌లకి 760 పౌండ్లు కట్టారనుకోండి, మ్యాచ్‌కి 40. కొన్ని క్లబ్బులు అందులో కొంత ఫీజు పట్టుకుంటాయి, కొన్ని నగదు ఇవ్వకుండా వచ్చే ఏడాది రెన్యువల్‌లో తగ్గిస్తాయి. అమ్ముడుపోకపోతే ఏమీ రాదు. కాబట్టి ఆలస్యం చేయకండి, ఎక్స్ఛేంజ్ తెరిచిన రోజే పెట్టేయండి. పండక్కి ఊళ్ళో ఉండి పెట్టాలంటే టైము లెక్క చూసుకోండి. చలికాలంలో మనం ఐదున్నర గంటలు ముందుంటాం. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట అంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. బ్యాంకు ఓటీపీ అక్కడి నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ ఇక్కడ పనిచేసేలా రోమింగ్ పెట్టించుకుని రండి.

ముగ్గురు కలిసి ఒక టికెట్ కొని వంతులేసుకోవడం గురించి కూడా అడుగుతున్నారు. పేరు ఒకరిదే ఉంటుంది, బాధ్యత ఆ ఒక్కడిదే. ఉత్తినే ఇవ్వడం వేరు, డబ్బు చేతులు మారడం వేరు. కొన్ని క్లబ్బులు ట్రాన్స్‌ఫర్ చేసినప్పుడు మ్యాచ్ వాటా వరకు తీసుకోవచ్చంటాయి, కొన్ని అదీ కూడదంటాయి. టికెట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. నోటిమాట కౌలు ఎంత ప్రమాదమో ఇదీ అంతే.

ఇక సీటు ఖాళీగా వదిలేయడం. ఇదివరకు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు, ఇప్పుడు గేటు దగ్గర ప్రతి స్కానూ లెక్కే. సీజన్లో కనీసం ఇన్ని మ్యాచ్‌లకి సీటు వాడాలి, లేకపోతే రెన్యువల్ ఇవ్వం అని కొన్ని పెద్ద క్లబ్బులు చెబుతున్నాయి. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. ఎగువన తూము వదిలేసి నీళ్ళు డ్రెయిన్‌లోకి పోతుంటే శివారు రైతు మడి ఎండుతుంది, వెయిటింగ్ లిస్టులో ఏళ్ళ తరబడి ఉన్నవాడి పరిస్థితీ అదే. మీ క్లబ్బు రూల్స్‌లో మూడు సంగతులు వెతకండి. ట్రాన్స్‌ఫర్ చేస్తే వాడినట్టేనా, లేక అవతలివాడు గేటు దాటితేనే లెక్కా. ఎక్స్ఛేంజ్‌లో పెట్టి అమ్ముడుపోకపోతే వాడినట్టు లెక్కిస్తారా. జబ్బు చేసినా, ఇంట్లో పురుడు వచ్చినా మినహాయింపు ఉందా. ఉంటే ఆస్పత్రి కాగితం అప్పుడే మెయిల్ చేయండి, సీజన్ చివర్లో వెతుక్కుంటే దొరకదు.

ఫిక్చర్లు, అంటే సీజన్ మ్యాచ్‌ల తేదీల జాబితా, జూన్‌లోనే వస్తాయి గానీ టీవీ కోసం తేదీలు మారిపోతుంటాయి. శనివారం మ్యాచ్ ఆదివారానికో సోమవారానికో వెళ్తుంది, జాబితా చూసి విమానం టికెట్ కొనేస్తే దెబ్బే. కప్ మ్యాచ్‌లకి కొన్ని క్లబ్బుల్లో ఆటోమేటిక్‌గా కార్డులోంచి డబ్బు కట్ అయ్యే పద్ధతి ఉంటుంది. మీరు ఊళ్ళో ఉండగా జనవరిలో అలా కట్ కాకూడదనుకుంటే, అందులోంచి బయటికి రావడానికి గడువు ఎప్పుడో ముందే చూడండి.

రెన్యువల్ గడువు సాధారణంగా సీజన్ ముగిసే లోపో ముగిశాకో పడుతుంది, అంటే మనవాళ్ళు వేసవి సెలవులకి, పెళ్ళిళ్ళకి ఇక్కడికి వచ్చే రోజులు. ఒకసారి పోతే మళ్ళీ వెయిటింగ్ లిస్టు చివర నిలబడాలి. ఆటో రెన్యువల్ పెట్టుకున్నా కార్డు గడువు తీరిపోయి ఉంటే డబ్బు కట్ కాదు, మీకొచ్చే మెయిల్ స్పామ్‌లో పడుతుంది. బయల్దేరే ముందు యాప్‌లో కార్డు నంబరు, మెయిల్ ఐడీ రెండూ ఒకసారి చూసుకోండి.