వానలకి ముందు పాత డోజర్ బ్లేడు బాగుచేయించే వాళ్ళు ముందు ఇది చదవండి

పోయిన వారం పొదిలి రోడ్డులో ఒక షెడ్డు దగ్గర హెల్పర్ కుర్రాడి పాదం బ్లేడు కింద పడి నలిగిపోయింది. ఎండ్ బిట్ (బ్లేడు మూలకి బిగించే ముక్క) బోల్టు ఊడదీస్తా ఉన్నాడు, బ్లేడు జాకీల మీదే, అంటే దాన్ని ఎత్తే ఆయిల్ సిలిండర్ల మీదే, గాల్లో ఉంది, ఇంజన్ ఆపే ఉంది, లీవర్ ఎవరూ ముట్టుకోలేదు, పాత హోస్ పైపు ఒకటి పగిలింది అంతే. నేను పోయేసరికి వాడి చెప్పు ఇంకా కటింగ్ ఎడ్జ్ (బ్లేడు కింద అంచుకి బిగించే స్టీలు పట్టీ) కిందే ఇరుక్కోనుంది.

అక్టోబర్ వస్తే మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. ఈలోపే చెరువు కట్టలు, రొయ్యల గుంటల గట్లు సర్దుకోవాలని మూలనపడ్డ చైన్ డోజర్లన్నీ షెడ్డుకి వస్తా ఉన్నాయి. "నేలలోకి దిగట్లేదన్నా, పైపైన గీక్కుంటా పోతా ఉంది" అని అందరిదీ ఒకటే మాట. దిగేట్టు చెయ్యొచ్చు, కానీ ఒక్క తప్పు మాత్రం చెయ్యబాకండి.

బ్లేడు నేల మీదన్నా ఉండాలి, చెక్క దిమ్మల మీదన్నా ఉండాలి. జాకీల్ని నమ్మి దాని కింద చెయ్యి, కాలు, తల ఏదీ పెట్టబాకండి. పాత బండ్లలో జాకీ లోపల ప్యాకింగులు అరిగి ఆయిల్ జారతా ఉంటది. నమ్మకం లేకపోతే ఎవరూ దగ్గర లేకుండా బ్లేడు ఎత్తి, ఇంజన్ ఆపి, జాకీ రాడ్డు మీద సీల్ పక్కనే సుద్దతో గీత గియ్యండి, గంట తర్వాత చూడండి గీత యాడుందో. అది మెల్లగా దిగేది, హోస్ పగిలితే ఒక్కసారే వచ్చి పడుద్ది. రాళ్ళు, ఇటుకలు ఆనించబాకండి, చిట్లిపోతాయి. రైలు పట్టాల కింద వేసే లాంటి గట్టి చెక్క దిమ్మలు అడ్డం నిలువు పేర్చి, రెండు చివర్లా పెట్టి, బ్లేడు బరువు మొత్తం వాటి మీదకి దించాక, ఇంజన్ ఆపి లీవర్ నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించండి, లైన్లో ఉన్న ప్రెజర్ పోవాలి.

ఇక దిగకపోవడం సంగతి. ముందు కటింగ్ ఎడ్జ్ చూడండి. చాలా వాటికి రెండు అంచులూ వాడుకోవచ్చు, ఒక వైపు అరిగితే తిప్పి బిగించుకోవడమే, కానీ మనోళ్ళు బ్లేడు ప్లేటు అరిగిందాకా ఆగి అప్పుడు వస్తారు, అప్పుడు ఖర్చు బాగా పెరుగుద్ది. ఎండ్ బిట్లు గుండ్రంగా అరిగితే మూలలు నేలని కొరకవు, ఎడ్జ్ కొత్తది వేసినా లాభం ఉండదు. బ్లేడు పైభాగం కొంచెం ముందుకి వంచితే గట్టినేలలోకి దిగుద్ది, వెనక్కి వంచితే మట్టి ఎక్కువ మోస్తది, మన ఎర్ర గరప నేలకి ముందుకే కావాలి. బ్లేడు కీళ్ళ దగ్గర పిన్నులు, బుష్షులు లూజైతే బ్లేడు ఎగిరెగిరి పడతా అలలు అలలుగా తవ్వుద్ది. చైన్ ప్లేట్ల పళ్ళు అరిగిపోయుంటే బండికే పట్టు ఉండదు, బ్లేడుని తిట్టి ఏం లాభం.

లారీ కమాన్ పట్టీ తెచ్చి ఎడ్జ్ కి వెల్డింగ్ చేయించే వాళ్ళున్నారు, వద్దు. రెండూ గట్టి స్టీలే, వేడి చెయ్యకుండా అతికితే పక్కనే పగులుద్ది, గట్టి రాయి తగిలితే ముక్క ఊడి ఎగురుద్ది.

వెల్డింగ్ కి ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటు పక్కనే పెట్టండి, చైన్ కి తగిలిస్తే కరెంటు రోలర్ల గుండా పోయి బేరింగులు తినేస్తది. తడిసిన వెల్డింగ్ రాడ్లు వాడబాకండి. ఎడ్జ్ ని సమ్మెటతో నేరుగా కొట్టబాకండి, పెచ్చు ఎగిరి కంట్లో గుచ్చుకుంటది. పట్టేసిన బోల్టు గ్యాస్ తో కొయ్యండి, కోసేటప్పుడు ఎడ్జ్ ఊడి పడుద్ది, దాని కింద కూడా దిమ్మ ఉండాలి. పాత బోల్టులు మళ్ళీ వెయ్యబాకండి. ఆయిల్ లీకు చేత్తో తడమబాకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, సన్నటి ధార చర్మంలోకి దూరుద్ది, పైకి సూది గుచ్చినట్టే కనపడుద్ది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసకపోండి, తెల్లారిందాకా ఆగితే వేలు పోద్ది. డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి కింద దూరబాకండి. తాళం చెవి కింద పనిచేసేవాడి జేబులో ఉండాలి. "రెండు నిమిషాల పనే" అని దూరబాకండి, ఆ కుర్రాడిదీ రెండు నిమిషాల పనే.

కొత్త బోల్టులు మొదటి రోజు పనికే వదులవుతాయి, సాయంత్రం మళ్ళీ బిగించాలి. చేలో దిమ్మలు లేకపోతే బ్లేడు నేలకి దించి బిగించండి. ఎత్తి పెట్టి బిగించబాకండి.