చిన్న మెథడిస్టు సంఘంలో వారపు కూటం, ప్రేమవిందు ఎలా నడపాలి?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇరవై ముప్పై గడపల సంఘానికి అయ్యగారు (పాస్టరు) ప్రతి ఆదివారం రాలేకపోవచ్చు. ఒక్కరికే మూడు నాలుగు ఊళ్లుంటే మన ఊరి వంతు నెలకు ఒకటో రెండో ఆదివారాలు. మిగతా రోజుల్లో ఎవరు మంచం పట్టారో, ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఎవరు నెలరోజులుగా ఆరాధనకు రావడం మానేశారో కనిపెట్టేదెవరు? మెథడిస్టుల్లో ఈ పని మొదటి నుంచీ సామాన్య విశ్వాసులదే. పన్నెండు మంది చొప్పున కూటాలుగా ఏర్పడి వారం వారం ఒకరినొకరు అడిగి తెలుసుకునే ఆ పద్ధతిని క్లాస్ మీటింగ్ అంటారు.

ఇది పుట్టింది అప్పు తీర్చడానికి. 1742 ఫిబ్రవరి 15న ఇంగ్లాండులోని బ్రిస్టల్లో, ప్రార్థనా మందిరం కట్టిన బాకీ ఎలా తీరుతుందని, మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ సంఘం కూర్చుని ఆలోచించింది. తలా వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నారు. పేదవాళ్ల మాటేమిటని ప్రశ్న వచ్చింది. కెప్టెన్ ఫాయ్ అనే ఆయన, పదకొండు మంది నిరుపేదలను తనకు అప్పగిస్తే వారం వారం వెళ్లి అడుగుతానని, ఇవ్వలేనివారి వంతు తానే కడతానని చెప్పాడు. అలా డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు ఆ ఇళ్లలోని కష్టాలు, తాగుళ్లు, తగాదాలు కంటపడ్డాయి. చందా వసూలు కాస్తా కాపరి పనిగా మారింది. ఈ క్రమం గుర్తుంటే కూటం దారి తప్పదు: ముందు మనిషి దగ్గరికి వెళ్లాలి, పాటా ప్రసంగం ఆ తరువాత.

పేర్లు పంచడం

సంఘం పుస్తకం ముందు పెట్టుకుని పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల పేర్లన్నీ రాయండి. ముప్పై కుటుంబాలుంటే అరవై మంది దాకా వస్తారు. అంటే ఐదు కూటాలు. రాత్రిపూట టార్చిలైటుతో నడిచి వెళ్లగలిగేంత దగ్గర ఇళ్లను ఒక కూటంలో వేయండి.

వీధి ప్రకారమే పంచేస్తే మాత్రం ఒక చిక్కు వస్తుంది. మన ఊళ్లలో ఒక వీధంతా ఒకే బంధువర్గం ఉంటుంది. అత్తా కోడలూ ఒకే కూటంలో ఉంటే కోడలు నోరు విప్పదు. అప్పిచ్చినాయనా తీసుకున్నాయనా పక్కపక్కన కూర్చుంటే ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడతారు. ఇలాంటి జంటలను ముందే విడదీయండి. ఎందుకు విడదీశారో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆడవాళ్లు విడిగా కూర్చుంటామంటే అడ్డు చెప్పకండి, తొలి మెథడిస్టుల్లోనూ అలాంటి కూటాలుండేవి.

చెన్నైకో హైదరాబాదుకో విశాఖకో పనికి వెళ్లినవాళ్ల పేర్లు కొట్టేయకూడదు. వాళ్లు ఊళ్లో ఏ కూటంవాళ్లో ఆ కూటం పుస్తకంలోనే ఉండాలి. నెలకు రెండుసార్లు ఫోన్ చేసే పని కూటంలో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. అందరి పనీ అంటే ఎవరూ చేయరు. ఇలా కలుపుకున్న మనిషి సంకురాత్రికి ఊరొచ్చినప్పుడు కొత్తవాడిలా వెనకబెంచీలో కూర్చోడు.

నాయకుణ్ణి ఎంచుకోవడం

బాగా పాడేవాళ్లు, ధారాళంగా ప్రార్థించేవాళ్లు అందరికీ ముందు గుర్తొస్తారు. ఈ పనికి కావలసింది ఆ వరం కాదు. విన్నది కడుపులో దాచుకోగలగాలి, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగగలగాలి, ఏడాదంతా ఊళ్లో ఉండాలి. చదువు రాకపోయినా పర్వాలేదు, పుస్తకం రాయడానికి ఒక కుర్రాణ్ణో అమ్మాయినో తోడివ్వండి. ఆ తోడే రేపటి నాయకుడవుతాడు. గడువు ఒక ఏడాది పెట్టండి. గడువు లేకపోతే కూటం ఆ ఇంటి సొత్తయిపోతుంది, తరువాత మార్చాలంటే మనసులు విరుగుతాయి.

వెస్లీ 1743లో రాసిన సాధారణ నియమాల్లో నాయకుడి పని చాలా సూటిగా ఉంది. తన కూటంలో ప్రతి ఒక్కరినీ వారానికి ఒక్కసారైనా చూడాలి, ఆత్మీయ స్థితి అడగాలి, అవసరాన్ని బట్టి ఓదార్చాలి లేదా హెచ్చరించాలి, పేదల కోసం ఇచ్చేది తీసుకోవాలి, జబ్బుపడ్డవాళ్ల సంగతి అయ్యగారికి తెలపాలి. ఇంతకు మించి నెత్తిన పెట్టకండి.

ఏ రోజు, ఏ వేళ

ఉభాల రోజుల్లో, కోతల రోజుల్లో రాత్రి ఏడున్నరకి పెట్టినా జనం కునికిపాట్లు పడతారు. ఆ నెలల్లో కూటాన్ని అరగంటకు కుదించండి. మానేయవద్దు, మూడు వారాలు ఆగితే మళ్లీ అలవాటు పడటం కష్టం. తీరప్రాంతపు ఊళ్లలో వేటకు వెళ్లే వేళలను బట్టి రోజు మార్చుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. అక్కడ కొత్త కూటం మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి అదను లేదు.

కూటం ఇంటింటికీ వంతులవారీగా జరగాలి. మొదటి ఇంటివాళ్లు టీ ఇస్తే రెండో ఇంటివాళ్లు పకోడీ చేస్తారు, మూడో ఇంటివాళ్లు ఉప్మా. నాలుగో ఇంటి విధవరాలు తన వంతు వచ్చేసరికి ఏదో సాకు చెబుతుంది. అందుకే మంచినీళ్లు తప్ప మరేమీ పెట్టకూడదని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి. ఈ ఒక్క నియమం సడలించడం వల్ల ఆగిపోయే కూటాలే ఎక్కువ.

గంటసేపు ఎలా గడపాలి

ఒక కీర్తన, ఐదు నిమిషాలు. వాక్యం చిన్న భాగం, చదివి ఊరుకోండి, వివరించకండి. తరువాత 35 నిమిషాలు మాటలు: పన్నెండు మందికి తలా దాదాపు మూడు నిమిషాలు. ప్రార్థనకు పది, కానుకకూ పుస్తకానికీ ఐదు.

మాటలు నాయకుడితోనే మొదలవ్వాలి. తన వారం ఎలా గడిచిందో నిజంగా, క్లుప్తంగా చెబితే మిగతావాళ్లకు కొలత తెలుస్తుంది. తరువాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి, వరస పెట్టి అడగాలి. "మీ ఆత్మీయ జీవితం ఎలా ఉంది?" అని అడిగితే "దేవుని కృప, బాగానే ఉంది" అన్న జవాబే వస్తుంది. అలా కాకుండా ఇలా అడగండి:

"అమ్మా, ఈ వారం ప్రార్థన చేసుకోగలిగావా, కుదరలేదా?"
"ఈ వారం నీకు బాగా బరువైనదేమిటి?"
"ఎవరితోనైనా మాటామాటా పెరిగిందా? మళ్లీ కలిశారా?"
"పోయినవారం అల్లుడి సంగతి చెప్పావు గదా బాబూ, ఏమైంది?"

చివరి ప్రశ్నకు బలం ఎక్కువ. పోయినవారం చెప్పింది గుర్తుపెట్టుకుని అడిగారంటే ఆ మనిషికి తన మాట నేల పాలు కాలేదని తెలుస్తుంది. మాట్లాడటం ఇష్టంలేనివాళ్లు "ఈ వారం వద్దు" అనొచ్చు. వరసగా మూడు వారాలు వద్దంటే మాత్రం నాయకుడు విడిగా ఇంటికి వెళ్లి కలవాలి.

పొరపాటు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. ఒకరు తన కష్టం చెప్పగానే పక్కాయన సలహా అందుకుంటాడు, ఇంకొకరు వచనం చెబుతారు, పది నిమిషాల్లో అది చిన్న ప్రసంగమైపోతుంది. చెప్పినవాళ్లు మరోసారి చెప్పరు. ఎవరైనా మాట ముగించాక కాసేపు మౌనంగా ఉండి, "నీ కోసం ప్రార్థిస్తాం" అని తరువాతి మనిషికి వెళ్లడం నేర్చుకోవాలి. సలహా కావాలంటే వాళ్లే అడుగుతారు.

కూటంలో విన్నది గడప దాటకూడదు. దీనికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిని మొదటి రోజే చెప్పాలి. పసిబిడ్డకు హాని జరుగుతోందని తెలిసినా, ఇంట్లో ఆడమనిషిని కొడుతున్నారని తెలిసినా, ఎవరైనా చచ్చిపోవాలని ఉందన్నా ఊరుకోకూడదు. ఆ రాత్రే అయ్యగారికి చెప్పండి. పిల్లలకైతే 1098, స్త్రీలకైతే 181, ప్రాణం మీద విరక్తి అన్నవాళ్లకు టెలీ మానస్ 14416, ప్రాణాపాయం ఉంటే 112. ఈ నంబర్లు పుస్తకం అట్ట లోపల రాసి ఉంచండి.

పుస్తకంలో పేరు, హాజరు, జబ్బు, ఊళ్లో లేరు, చూడటానికి ఎవరు వెళ్లారు అనే ఐదు గళ్లు చాలు. ఒప్పుకోళ్లు, ఇంటి గొడవలు ఒక్క అక్షరం కూడా రాయకండి. రాని మనిషి ఇంటికి రెండు రోజుల్లోపు ఒకరు వెళ్లాలి. ఆదివారం చర్చి మెట్ల మీద పదిమందిలో "ఏం, రాలేదేం?" అని అడగడం వెళ్లి చూడటం కిందికి రాదు.

డబ్బు, బియ్యం

తలా పది రూపాయలు ఇస్తే ఒక కూటానికి వారానికి 120, ఐదు కూటాలకు 600, నెలకు 2,400 రూపాయలు. మూత వేసిన డబ్బాలో వేయించండి, ఎవరెంత వేశారో ఎవరికీ కనబడకూడదు. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, వాళ్లు ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఐదు వందల లోపు సాయం నాయకుడూ, సంఘం డబ్బు చూసే స్టీవార్డూ కలిసి వెంటనే ఇచ్చేలా, అంతకు మించితే కమిటీ ముందు పెట్టేలా తీర్మానం రాసుకోండి. రాత్రి పదింటికి ఆసుపత్రికి ఆటో కావలసినవాళ్లు కమిటీ కూర్చునేదాకా ఆగలేరు. ఈ డబ్బు సభ్యులకు వడ్డీకి తిప్పకూడదు, చీటీ కట్టకూడదు. బాకీపడ్డ మనిషి ముందు కూటానికి రావడం మానేస్తాడు, తరువాత చర్చికి.

పిడికెడు బియ్యం మన సంఘాల్లో స్త్రీలు నిలబెట్టిన అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పిడికెడు యాభై గ్రాములనుకుంటే రెండు పూటలకు వంద, వారానికి 700 గ్రాములు. పాతిక ఇళ్ల నుంచి వారానికి పదిహేడున్నర కిలోలు పోగవుతాయి. రేషన్ బియ్యం, సన్నబియ్యం కలపకండి. కలిపి వండితే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి మెత్తబడిపోతుంది. రెండు డబ్బాలు పెట్టి, తడిలేకుండా ఆరబెట్టిన వేపాకు వేసి, ముందొచ్చిన బియ్యం ముందు ఇచ్చేయండి. ఇవ్వడానికి పట్టపగలు ఊరేగింపుగా వెళ్లవద్దు, చీకటి పడ్డాక ఒకరే వెళ్లాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు సంఘాలకు ఇంకో పని ఉంది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఇంట్లోవాళ్లు కూలి పోగొట్టుకుని తోడు వెళతారు. కూటంలో వంతులు వేసుకుని ఒకరు తోడు వెళితే ఆ ఇంటికి ఒక రోజు కూలి మిగులుతుంది.

మూడు నెలలకోసారి ప్రేమవిందు

ప్రేమవిందు ప్రభు సంస్కారం కాదు. సంస్కారం ఇవ్వడానికి అభిషిక్తుడైన పాస్టరు ఉండాలి. ప్రేమవిందును సంఘస్థులే నడుపుకోవచ్చు. వెస్లీ దీన్ని మొరేవియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్నాడు, 1737లో అమెరికాలోని సవానాలో వాళ్ల విందులో మొదటిసారి కూర్చున్నాడు. రొట్టె, నీళ్లు, సాక్ష్యాలు (దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడం), పేదలకు కానుక: అసలు విందు ఇంతే. మన దగ్గర దాని తరువాత భోజనం కలిసింది, అది మంచిదే. అయితే భోజనం ముందుకొచ్చి సాక్ష్యాలు వెనక్కి పోకూడదు. వంట వాసన వచ్చాక సాక్ష్యం ఎవరి చెవికీ ఎక్కదు. కాబట్టి ముందు బన్ను ముక్కలు, నీళ్లు పంచి, తలా రెండు నిమిషాల చొప్పున పది పన్నెండు మంది సాక్ష్యం చెప్పాక అన్నానికి లేవండి.

అరవై మంది పెద్దలకు బియ్యం 9 కిలోలు, కందిపప్పు 2 కిలోలు, గుమ్మడికాయ, వంకాయ, ములక్కాడ కలిపి దప్పళానికి 6 కిలోల ముక్కలు, చింతపండు అరకిలో, నూనె లీటరు, మజ్జిగకు 4 లీటర్ల పెరుగు సరిపోతాయి. బియ్యం ఒకే గుండిగలో వండకుండా రెండింటిలో నాలుగున్నర కిలోల చొప్పున పోయండి. ఒకదాంట్లో అయితే అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయాలి, పులుపు ముందే తగిలితే పప్పు ఎంతసేపటికీ ఉడకదు. ఎండాకాలం తొమ్మిది తరువాతే పప్పు దించండి, ఒంటిగంటకల్లా వడ్డన ముగించండి. విస్తర్లకు మన ఏజెన్సీ అడ్డాకులున్నాయి, ప్లాస్టిక్ పళ్లేలెందుకు?

ప్రతిసారీ కోడికూర పెడదామని ఎవరో ఒకరు అంటారు. క్రిస్మస్‌కు సరే. మూడు నెలలకోసారి విందులో కోడి పెడితే ఖర్చు రెండింతలకు మించుతుంది, ఆ ఖర్చు పెట్టుకున్న ఇద్దరు ముగ్గురు విందుకు యజమానులవుతారు. కూరగాయలైతే ఒకరు గుమ్మడికాయ, ఒకరు గుప్పెడు మిరపకాయలు తెస్తారు, అందరిదీ అవుతుంది. వడ్డించేవాళ్లు ప్రతిసారీ మారాలి, కమిటీ పెద్దలు కనీసం ఒకసారి విస్తర్లు ఎత్తాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను నీళ్లు, మజ్జిగ తాగమని బలవంతం చేయకండి, ఉప్పు తక్కువ వేసిన కూర కాస్త ముందే తీసి ఉంచండి.

పక్క సంఘాలతో

ఈ రెండు జిల్లాల్లో కెనడా బాప్టిస్టు మిషన్ ఎక్కువ కాలం పనిచేసింది కాబట్టి చుట్టూ బాప్టిస్టు సంఘాలే ఎక్కువ. పెళ్లిళ్లూ వాళ్లతోనే కలుస్తాయి. మెథడిస్టులు పసిపిల్లలకూ బాప్తిస్మమిస్తారు, బాప్టిస్టులు విశ్వాసం ఒప్పుకున్నాక ముంచి ఇస్తారు. ఈ వాదన కూటంలో మొదలైతే గంట అక్కడే పోతుంది. "అయ్యగారు వచ్చినప్పుడు అడుగుదాం" అని పక్కన పెట్టండి. కోడలిగా వచ్చిన బాప్టిస్టు అమ్మాయిని మొదటి వారమే కూటం పుస్తకంలో పేరు రాసి పిలవండి.

కూటం పెరిగితే

పదిహేను మంది దాటారంటే మూడు నిమిషాల చొప్పున మాట్లాడటం కుదరదు, కొందరు వింటూ కూర్చోవడానికి అలవాటు పడతారు. అప్పుడు విడదీయాలి. కొత్తవాళ్లందరినీ ఒకవైపు, పాతవాళ్లందరినీ ఒకవైపు వేయకండి. తోడుగా పుస్తకం రాసినవారు నలుగురైదుగురు పాతవాళ్లను తీసుకుని కొత్త ఇంట్లో మొదలుపెట్టాలి, మొదటి నెల పాత నాయకుడు రెండు కూటాలకూ వెళ్లాలి. విడిపోయే వారం ముందు రెండు పుస్తకాల్లోనూ పేర్లు పూర్తిగా రాసి, అందరి ముందూ ఒకసారి చదివి, ఊళ్లో లేనివాళ్లకు ఫోన్ చేసి ఇకనుంచి ఎవరు పలకరిస్తారో చెప్పండి.