మీ ఊరికి పల్లెవెలుగు బస్సు వేయించుకోవాలంటే

ముందే ఎమ్మెల్యే దగ్గరికి పరిగెత్తకండి, డిపో మేనేజర్‌ని కలవండి. "మా ఊరికి బస్సు కావాలి" అని ఒక్క ముక్క రాసిస్తే లాభం లేదు, పొద్దున కాలేజీకి ఎంతమంది వెళ్తారు, సంతరోజు ఎంతమంది, ఆటోకి ఎంత పెడుతున్నారు, బస్సు ఏ టైముకి కావాలి, అన్నీ రాసి, పంచాయతీ తీర్మానం జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి. రోడ్డు మీద వేలాడే కొమ్మలు, బస్సు తిప్పుకునే జాగా మీరే చూసుకోండి. కొత్త సర్వీసు కష్టమంటే, పక్కూరి దాకా వచ్చేదాన్నే పొడిగించమనండి (నా లెక్కలో ఇదే తేలిక).

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఉచితమే కదా, అయినా జీరో టికెట్ అడిగి తీసుకోమని చెప్పండి, ఎక్కినట్టు లెక్క తేలేది దానితోనే.