బియర్డెడ్ డ్రాగన్ గూడు తక్కువ ఖర్చులో

ఒంగోలు, నెల్లూరు వైపు బియర్డెడ్ డ్రాగన్ (ఇంట్లో పెంచుకునే ఒక రకం పెద్ద బల్లి) పెంచాలనుకునేవాళ్లు కొత్త గ్లాస్ ట్యాంకు కోసం వేలు పోయకండి. షాపులు ఎత్తేసేటప్పుడు అమ్మే పాత అల్యూమినియం షోకేసు వెతకండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. గాలి ఆడేలా పైన జాలీ బిగించి, అడుగున ఇసుక బదులు మిగిలిపోయిన గరుకు టైల్స్ పరవండి.

ఎండ కాచుకోవడానికి మార్కాపురం పలకరాయి ముక్క చాలా బాగుంటుంది. హాలోజన్ బల్బు కింద పెడితే వేడిని పట్టి ఉంచి పొట్టకు వెచ్చగా తగులుతుంది, గోళ్లూ కాస్త అరుగుతాయి. పలక అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి గరుకుకాగితంతో రుద్ది, కదలకుండా ఆనించండి. రాయి మీద 40 డిగ్రీల దాకా, రెండో చివర 30 లోపు ఉండాలి.

యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను ఇచ్చే ట్యూబులైటు) దగ్గర మాత్రం దయచేసి డబ్బు చూసుకోవద్దు. అది లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దానికి బదులు కాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. దోమల జాలీ కూడా కొంత ఆపుతుంది, అందుకే ట్యూబును లోపలే బిగించండి. వెలుగుతున్నా సరే, ఏడాదికోసారి మార్చాలి.

మే నెలలో గది మరీ వేడెక్కితే హాలోజన్ ఆపేయండి, ట్యూబు ఆపకండి.