పౌండ్ల లెక్క, కిలోల లెక్క కలవడం లేదా? జీడి వ్యాపారులకు సమస్య - పరిష్కారం

ఒడిశాలోని గజపతి జిల్లా కొండ సంతల్లో జీడిపిక్కలు కిలోల్లో కొంటాం. పలాస బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. ఔట్‌టర్న్, అంటే పిక్కలు కోస్తే వచ్చే పప్పు లెక్క, మాత్రం బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు అని చెబుతారు, గ్రేడేమో పౌండుకి ఎన్ని గుళ్లు (విరగని గుండు పప్పులు) అని. ఒకే సరుకు మీద ఇన్ని లెక్కలు నడిస్తే తగాదా రాక మానదు. వచ్చినప్పుడు కాటాని తిట్టే ముందు ఒక్క పని చేయండి: మీ అంకె, అవతలివాళ్ల అంకె తీసుకుని పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. తప్పు ఎక్కడుందో ఆ జవాబే చెబుతుంది. ఎవరూ చేయనిది కూడా ఈ పనే.

జవాబు 2.2 వస్తే

కాటా మీద యూనిట్ బటన్ ఎవరో నొక్కారు. అంకెల పక్కన మూలలో ‘కేజీ’ గుర్తు బదులు ‘ఎల్‌బి’ (పౌండు గుర్తు) ఉంటుంది, చూడండి. బటన్ మళ్లీ నొక్కి, తెలిసిన 1 కిలో రాయి పెట్టి సరిచూసుకోండి. 2.205 చూపిస్తే ఇంకా పౌండ్లలోనే ఉన్నట్టు. అసలు సంతలో అమ్మకానికి వాడే కాటా కిలోల్లోనే తూచాలి, దాని మీద ఏటా ముద్ర పడాలి. బటన్‌తో పౌండ్లకి మారిపోయే చవక కాటాలు వంటింటికి చాలు.

జవాబు 4.86 వస్తే

గుణించాల్సిన చోట భాగించారు, లేదా భాగించాల్సిన చోట గుణించారు. కిలోలు పౌండ్లు కావాలంటే 2.2046తో గుణించాలి. ధర అలా కాదు: కిలో ధర నుంచి పౌండు ధర కావాలంటే భాగించాలి. కిలో 700 రూపాయలైతే పౌండు సుమారు 317.50. గుళ్ల లెక్కా ధరలాంటిదే, పౌండుకి ఉన్నదాన్ని కిలోకి మార్చాలంటే గుణించాలి.

జవాబు 1.1 వస్తే

అసలు దొంగ ఇదే. పౌండంటే అరకిలో అనుకోవడం. బేకరీలో కేకు కొనేటప్పుడు అలా సరిపోతుంది, జీడిపప్పులో సరిపోదు. పౌండు 453.59 గ్రాములు. అరకిలో దానికంటే పదిశాతం పైన ఎక్కువ.

ఔట్‌టర్న్‌లో ఇది ఎలా దూరుతుందో చూడండి. కిలో పిక్కల శాంపిల్ కోశారు. మంచి పప్పు 260 గ్రాములు, మచ్చపప్పు 24 గ్రాములు వచ్చాయి. మచ్చపప్పు సగమే లెక్కకొస్తుంది కాబట్టి మొత్తం 272. దాన్ని 80తో గుణించి 453.6తో భాగిస్తే 48 పౌండ్లు. 500తో భాగించినవాడికి 43.5 వస్తుంది. ఒకే పప్పు, నాలుగున్నర పౌండ్ల తేడా! బేరం ఔట్‌టర్న్ అంకె మీద తెగుతుంది కాబట్టి ఆ తేడా నేరుగా రైతు ధరలోంచి పోతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం. 43.5 అరకిలోలన్నా, 48 అసలు పౌండ్లన్నా బస్తాకి 21.76 కిలోల పప్పే. గ్రాములు సరిపోతాయి, కాటా సరిగ్గానే ఉంటుంది, శాంపిల్ మళ్లీ కోసినా అదే జవాబు. రెండు పక్షాలూ నిజాయితీగా తూచి కూడా గంటలు గంటలు కొట్లాడుకుంటాయి. అందుకని తూకం జోలికి వెళ్లకుండా అవతలివాళ్ల ఫోన్‌లో ఏ అంకెతో గుణిస్తున్నారో అడగండి. కిలో శాంపిల్‌కి సరైనది 0.1764. అక్కడ 0.16 కనిపిస్తే తగాదా అయిపోయినట్టే, అది 80ని 500తో భాగించగా వచ్చిన అంకె. 0.1764ని కాటా పక్కన గోడ మీద సుద్దతో రాసిపెట్టుకోండి.

గ్రేడులోనూ ఇదే తప్పు. 320 గ్రేడంటే పౌండుకి 300 నుంచి 320 గుళ్లు. అరకిలో తూచి లెక్కపెడితే 331 నుంచి 353 వస్తాయి. కొన్నవాడు చిన్న పప్పు అంటగట్టారని గొడవకి దిగుతాడు. అమ్మేవాడు అరకిలోకి 320 లెక్కపెట్టి 320 గ్రేడుగా ఇచ్చేస్తే నష్టం అతనిదే, అసలు పౌండుకి అవి 290 గుళ్లే. 100 గ్రాములు తూచి లెక్కపెడితే పౌండు గొడవే లేదు: 320 గ్రేడుకి 66 నుంచి 70, 240 గ్రేడుకి 49 నుంచి 53. అంచున ఉన్న సరుకైతే మాత్రం 454 గ్రాములూ తూచి లెక్కపెట్టండి. 100 గ్రాముల్లో ఒక గుండు అటూఇటూ అయితే పౌండుకి నాలుగైదు గుళ్ల తేడా వస్తుంది.

తేడా వెయ్యికి రెండే ఉంటే

ఎవరో 2.2046 బదులు 2.2 వాడారు. 25 పౌండ్ల డబ్బాకి, అంటే 11.34 కిలోలకి, ఆ తేడా లెక్కలోది కాదు. 50 పౌండ్లవి 700 పెట్టెల కంటెయినర్‌కైతే అసలు బరువు 15,876 కిలోలు, 2.2తో భాగిస్తే 15,909. ఆ 33 కిలోల తేడా కాగితాల మీద దొరికిపోతుంది.

వీటిలో ఏదీ కాకపోతే తప్పు మార్పిడిలో లేదు. పళ్లెం బరువు తీసేయడం మరిచారా, బ్యాటరీ నీరసించిందా, ఫ్యాన్ గాలి తగులుతోందా చూడండి. అవీ కాకపోతే పిక్కల్లో తేమ.