గర్భసంచి ఆపరేషన్: మూత్రం విషయంలో జాగ్రత్తలు

గర్భసంచి తీసే ఆపరేషన్‌కు ముందే మూత్ర పరీక్షతో పాటు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) ఎంతుందో చూపించుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, పలాస వంటి ఉద్దానం మండలాల స్త్రీలకు ఇది మరీ ముఖ్యం. అక్కడ మూత్రపిండాల జబ్బు చాలామందిలో పైకి తెలియకుండానే ముదురుతుంది గనుక, ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందుగా తెలియాలి. మూత్రపిండాలను దెబ్బతీసే నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోకూడదన్నదీ అందుకే.

ఆపరేషన్‌లో పెట్టిన మూత్రపు గొట్టాన్ని, చిక్కులేవీ లేకపోతే, సాధారణంగా 24 గంటల్లోపే తీసేస్తారు. అది ఎన్ని రోజులుంటే ఇన్ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది. తోడున్నవారు మూత్రపు సంచిని ఎప్పుడూ నడుముకంటే కిందే ఉంచాలి. రోగిని నడిపించేటప్పుడు దాన్ని సెలైన్ సీసాలా భుజమెత్తున పట్టుకుంటే, అందులోని మూత్రం తిరిగి మూత్రాశయంలోకి పోవచ్చు.

గొట్టం తీశాక ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, చుక్కలుగా వస్తూ పొత్తికడుపు బిగుసుకున్నా నర్సుకు చెప్పాలి. సిగ్గుపడి ఊరుకుంటే మూత్రాశయం సాగిపోయి పట్టు తప్పుతుంది. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయన్న పెద్దల మాట పక్కన పెట్టి, డాక్టరు చెప్పినంత తాగాలి.

ఇంటికి చేరాక చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి వస్తే మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళానికి ఆపరేషన్‌లో దెబ్బ తగిలిందేమో చూపించుకోవాలి. వారం, రెండు వారాలకు యోనిమార్గం నుంచి తెలియకుండానే నీరు కారుతూ లోపలి బట్ట మూత్రపు వాసన వేస్తుంటే, దాన్ని తెల్లబట్టగా సరిపెట్టుకోకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెంటనే వెళ్లాలి.