ఆరేళ్లలోపు పిల్లల సాకర్: కొత్తగా కోచ్‌గా పేరిచ్చిన అమ్మానాన్నలకు

ప్రతి ఆగస్టులో లీగ్ నుంచి ఈమెయిల్ వస్తుంది, మీ పాప జట్టుకి కోచ్ దొరకలేదు, ఎవరైనా ముందుకొస్తారా అని. మూడేళ్ల కిందట నేను సరేనన్నాను. ఖమ్మంలో ఖోఖో ఆడుతూ పెరిగినదాన్ని, ఫుట్‌బాల్‌ని కాలితో తన్నింది అప్పటివరకు లేదు. ఫాల్‌లో ఒకటి, స్ప్రింగ్‌లో ఒకటి చొప్పున ఇప్పటికి ఆరు సీజన్లయ్యాయి. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. మా జట్టులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలుంటారు. ఈసారి కోచ్‌గా పేరిచ్చినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్కటి పట్టుకోండి. ఈ వయసు రూల్స్ అన్నీ ఒకే పని కోసం పెట్టినవి: ప్రతి బిడ్డ కాలికీ బంతి ఎక్కువసార్లు తగలాలి. టీవీలో చూసే ఆటని కుదించి పిల్లల చేతికిచ్చారనుకుంటే ఏ రూలూ అర్థం కాదు.

అమెరికాలో ఈ ఆటని నడిపే యూఎస్ సాకర్ ఫెడరేషన్ 2017 నుంచి దేశమంతటికీ కొలతలు పెట్టింది. యూ6 (అంటే ఆరేళ్లలోపు) నుంచి యూ8 వరకు మైదానంలో జట్టుకి నలుగురే. మైదానం పొడవు 25 నుంచి 35 గజాలు, వెడల్పు 15 నుంచి 25 గజాలు. గోల్ ఎత్తు 4 అడుగులు, వెడల్పు 6 అడుగులు మించకూడదు. బంతి 3వ నంబరుది కొనండి, పెద్దన్నయ్య 5వ నంబరు బంతి ఇంట్లో ఉంది కదా అని దాన్ని తేవద్దు, చిన్నకాలికి అది బండరాయే. ఆఫ్‌సైడ్ (బంతి కంటే ముందే ఎదుటి గోల్ దగ్గరికి పోయి నిలబడితే తప్పుపట్టే రూల్) లేదు, పెనాల్టీ లేదు. ఫ్రీ కిక్‌లన్నీ ఇండైరెక్ట్, అంటే తన్నిన బంతి ఇంకొకరికి తగలకుండా నేరుగా గోల్‌లోకి పోతే లెక్కలోకి రాదు. ఎదుటివాళ్లు 10 అడుగులు దూరం జరగాలి. యూ9కి వెళ్లాక ఏడుగురు, యూ11కి తొమ్మిదిమంది, యూ13కి వెళ్లాకే పదకొండుమంది.

గోలీ, అంటే గోల్‌కీపర్, ఉండడు. మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చి మొదటి శనివారం చూసి, "అదేంటే, గోల్ దగ్గర ఎవరూ లేరు?" అని కంగారుపడింది. గోలీని పెడితే ఉన్న నలుగురిలో ఒకరు ఆటంతా గడ్డి పీకుతూ నిలబడాల్సిందే. ఆ ఒకరు ఎవరో కూడా తెలుసు, జట్టులో అందరికంటే నెమ్మదైన బిడ్డ. అందుకే గోల్ ముందు ఒకర్ని కాపలా నిలబెట్టడం కూడా మా లీగ్‌లో కుదరదు. బంతి గీత దాటితే చేత్తో విసరడం ఉండదు, కాలితో లోపలికి తన్నడమే. మీ లీగ్‌లో విసరనిస్తారేమో మొదటివారమే కనుక్కోండి.

స్కోరు రాయరు, పట్టికలు ఉండవు. పిల్లలు ఎలాగూ లెక్కపెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. మీరు మాత్రం వాట్సాప్ గ్రూపులో "5–2తో గెలిచాం" అని రాయకండి.

ఇక ఎవరెంతసేపు ఆడాలన్నది. అన్నిటికంటే దీనిమీదే జాగ్రత్త కావాలి. నేను తప్పు చేసింది ఇక్కడే. మొదటి సీజన్‌లో బాగా పరుగెత్తే బాబుని బయటికి రానివ్వలేదు. ఒక పాప పది నిమిషాలకు మించి ఆడలేదు, రెండో వారం నుంచి రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన వాళ్లమ్మ నన్నేమీ అనలేదు, పాప మాత్రం షూస్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇవి నాకొద్దు ఆంటీ" అంది. ఆ రాత్రే కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను.

లెక్క ఇది. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 40 నిమిషాలు. జట్టులో ఎక్కువలో ఎక్కువ ఆరుగురు. ఐదేసి నిమిషాల వంతులుగా కోస్తే ఎనిమిది వంతులు, వంతుకి నలుగురు, అంటే 32 చోట్లు. ఆరుగురికి పంచితే నలుగురికి ఐదు వంతులు, ఇద్దరికి ఆరు. ఆ ఇద్దరూ ఎవరన్నది వారం వారం మార్చండి. శుక్రవారం రాత్రే కార్డు మీద రాసి, శనివారం దాన్ని మార్చకండి, మ్యాచ్ ఎలా సాగుతున్నా సరే. చాలా లీగ్‌లలో ప్రతి బిడ్డా కనీసం సగం ఆట ఆడాలని రూలే ఉంది. ఈ పద్ధతిలో సగం కంటే ఎక్కువే వస్తుంది. ఆ పాప మూడు వారాలకి తిరిగొచ్చింది.

నగల సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటలో ఏ నగా ఉండకూడదు, పైన టేపు వేసినా ఒప్పుకోరు. కమ్మలు, గాజులు, మెడలో గొలుసు, తాయెత్తు, చేతికి కట్టిన కాశీ దారం వరకు రిఫరీ తీయమంటారు. చెవులు కుట్టించాలనుకుంటే సీజన్ అయిపోయాక కుట్టించండి. కొత్తగా కుట్టిన చెవిపోగు తీస్తే రంధ్రం పూడుకుంటుంది, తీయకపోతే ఆడనివ్వరు, మధ్యలో ఏడ్చేది బిడ్డ. తాయెత్తు తీయడానికి మనసొప్పకపోతే ముందురోజే ఇంట్లో మాట్లాడుకోండి, మైదానంలో నాయనమ్మకీ రిఫరీకీ మధ్య పిల్లని నిలబెట్టకండి. మందులకి, జబ్బుకి సంబంధించిన బ్రేస్‌లెట్ ఉంటే లీగ్‌కి ముందే చెప్పండి, దానికి దారి ఉంటుంది. మోకాలి కింద ముందువైపు ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టుకునే షిన్‌గార్డులు తప్పనిసరి, సాక్స్ వాటి పైనుంచి రావాలి. బేస్‌బాల్ ఆడే అన్నయ్య షూస్ వేయకండి, వాటి ముందు కొసన కూడా ఒక మొల ఉంటుంది, ఎదుటి బిడ్డ పిక్కకి తగులుతుంది.

తలతో బంతిని కొట్టడం పదేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకి నిషేధం. 2014లో కొందరు తల్లిదండ్రులు కాలిఫోర్నియా కోర్టుకెక్కాక, 2015 నవంబరులో ఫెడరేషన్ దీన్ని ప్రకటించింది. తలకి దెబ్బ తగిలితే మెదడు అదురుతుంది, చిన్నపిల్లల్లో అది కోలుకోవడం మెల్లగా జరుగుతుంది. కావాలని తలతో కొడితే ఎదుటి జట్టుకి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్. ప్రాక్టీస్‌లోనూ నేర్పకండి. పిల్లలిద్దరి తలలు ఢీకొంటే "ఏం కాదులే, లే నాన్నా" అని మళ్లీ పంపించకండి. ఆ రోజుకి ఆట చాలించి, డాక్టర్‌కి చూపించమనండి.

గోల్‌పోస్టులు తేలిగ్గా కనిపిస్తాయి గానీ పిల్లలు పట్టుకుని వేలాడితే మీద పడతాయి. మేకులు దిగాయా, ఇసుక సంచులు పెట్టారా అని ఆటకి ముందు చేత్తో ఊపి చూడండి. స్ప్రింగ్‌లో టెక్సాస్ ఉరుములు మీకు తెలుసు. ఉరుము వినబడగానే పిల్లలు కార్లలోకి వెళ్లాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఇరవై తొమ్మిదో నిమిషంలో ఇంకోటి ఉరిమితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కోచ్‌గా పేరిచ్చినప్పుడే నేర చరిత్ర తనిఖీ, సేఫ్‌స్పోర్ట్ (ఆటల్లో పిల్లల మీద వేధింపులు జరగకుండా చూసే) శిక్షణ పూర్తిచేయమంటారు. విసుక్కోకుండా చేయండి. ఏ బిడ్డతోనూ మీరొక్కరే ఉండిపోయే పరిస్థితి రానివ్వకండి. ఒక తల్లి రావడం ఆలస్యమైతే ఇంకో తల్లిని ఆపి మీతో ఉంచుకోండి.

గట్టు మీద కూర్చునే పెద్దల విషయం. తల్లిదండ్రులంతా ఒకవైపు, కోచ్‌లు రెండోవైపు, గోల్ వెనక ఎవరూ ఉండకూడదు. "కొట్టరా! అటు కాదురా, ఇటు!" అని నాన్న అరిస్తే బిడ్డ బంతిని వదిలేసి నాన్న ముఖం చూస్తాడు. ఇది నేను ప్రతి శనివారం చూస్తాను. మా లీగ్‌లో సీజన్‌కి ఒక శనివారం ఎవరూ నోరెత్తకూడదు, చప్పట్లు మాత్రమే. ఆ రోజు మా పిల్లలు ఒకర్నొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటూ ఆడారు. అప్పటిదాకా వాళ్ల గొంతులు నాకు వినబడనేలేదు. విజిల్ ఊదే రిఫరీకి పధ్నాలుగేళ్లుండొచ్చు, ఆ పిల్లతో వాదించాలనిపిస్తే మీ పాపనే పదేళ్లు పెద్దచేసి ఊహించుకోండి.

ప్రాక్టీస్ వారానికి 45 నిమిషాలు చాలు. ఎవరి బంతి వాళ్లు తెచ్చుకోవాలి, వరసలో నిలబెట్టకండి. నేను మన ఆటలే వాడతాను. నేలా బండలో రంగు కోన్లు బండ, బంతిని పాదంతో తోసుకుంటూ దాని దగ్గరికి చేరాలి. స్టాచ్యూ అనగానే బంతి మీద అరికాలు పెట్టి ఆగాలి. బంతిని ఆపడం వాళ్లకి అలాగే వచ్చింది, నేను విడిగా నేర్పిందేమీ లేదు.

ఆట అయ్యాక తినేవి. లీగ్ మొదట్లో ఇచ్చే అలర్జీ కాగితం చదవకుండా ఏదీ పంచకండి. మా అమ్మ ప్రేమగా పల్లీ చిక్కీ చేసి తెచ్చింది, జట్టులో ఒక బాబుకి పల్లీలు పడవు. సరే నువ్వుండలు చేస్తానంది. నువ్వులు కూడా 2023 నుంచి ఇక్కడి చట్టంలో ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి, ఇంకో పాపకి అవీ పడవని కాగితంలో ఉంది. ఇప్పుడు శుక్రవారం రాత్రి కమలాలు కడిగి, ఒక్కోటి నాలుగు చెక్కలుగా కోసి, గింజలు తీసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతుంది. మనిషికి ఒక కమలా, రెండో జట్టు పిల్లలకి కూడా కలిపి పన్నెండు.